నీటిపాట కింది శ్రుతి

మాఘం, చివరి వారం

ఇవాళ పాట బాగుంది.

ఈ దినచర్యలో నేను రోజూ రాయాల్సింది ఈ ఒక్క ముక్కే. ఉప్పెంత, ఎండెంత అన్న లెక్కలు యంత్రం తనే రాసుకుంటుంది. పాట చెవికి ఎలా ఉందో చెప్పడానికి మాత్రం ఒక మనిషి ఉండాలని పై ఆఫీసు వాళ్ల రూలు. గట్టుపాలెం పాటకేంద్రంలో ఆ మనిషిని నేను. పేరు వీరవేణి. వినడం కూడా ఒక ఉద్యోగమేనా అని మొదట్లో ఊరంతా నవ్వింది. తర్వాత వాళ్లకీ నాకూ అలవాటైపోయింది. ఒక్క ముక్క రాసి వదిలేస్తే పేజీ బోసిగా ఉంటుంది కాబట్టి మిగతా జాగాలో నాకు తోచింది రాస్తాను. చదివే నాథుడు ఎలాగూ లేడు.

తెల్లారగానే గట్టు దిగి ఇసుకలో ఉన్న చెలమల దగ్గరికి వెళ్తాను. ఊరి మంచినీళ్లన్నీ ఆ చెలమల్లోవే. ఒక్కో చెలమలో ఒక కడ్డీ వేలాడుతుంటుంది. దానికి పట్టిన పాచిని పాత పళ్ల బ్రష్షుతో గీకుతాను. పీతలు వైరు కొరికి ఉంటే టేపు చుడతాను. మళ్లీ గట్టెక్కి వచ్చి మీట నొక్కితే ఊరి పొడవునా మైకుల్లో పాట మొదలవుతుంది. ముందు తంబూర మీద సా. ఆ సా మీద నీళ్లు పాడతాయి. ఉప్పు తక్కువుంటే రాగం సా చుట్టుపక్కలే తచ్చాడుతుంది. ఉప్పు పెరిగితే పైకెక్కుతుంది. పా దాటిందంటే ఆడవాళ్లు బిందెలు బోర్లించి ఇంటికి పోవాల్సిందే. ఎండ సంగతి మద్దెల చెబుతుంది. మద్దెల ఉరుకులు పెడితే మగవాళ్లు వలలు చుట్టి నీడకి చేరతారు, పడవలు కట్టేస్తారు.

నేను మరీ చిన్నగా ఉన్నప్పుడు పాట లేదు, అంకెల బోర్డులుండేవి. జనం ముందు వాటిని చూసి హడలిపోయారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత అటు చూడటమే మానేశారు. చివరికి బోర్డుల వెనక పావురాలు కాపురం పెట్టాయి. పాటని మాత్రం ఎవరూ మానలేదు. కూర మాడిపోతున్నా సరే, పాట పూర్తిగా వినందే మావాళ్లు పొయ్యి దగ్గరికి పోరు.

ఇంకో రూలుంది. వరసగా మూడు పొద్దులు పాట పా పైనే ఉంటే పై ఆఫీసు వాళ్లు మంచినీళ్ల పడవ పంపి తీరాలి. ఆ పడవని చూసి ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. పాట ఎప్పుడూ బాగానే ఉంటోంది మరి.

నాకు మాత్రం ఏమీ అనిపించదు. చెవి వింటుంది, చెయ్యి రాస్తుంది. ఈ మధ్యలో నేనెక్కడున్నానో నాకే తెలీదు. మా ఆయన నదిలో పూడిక తీసే డ్రెడ్జరు మీద పనికెళ్లి ఆర్నెల్లకోసారి వస్తాడు. వచ్చినప్పుడూ అంతే, వెళ్లినప్పుడూ అంతే.

ఫాల్గుణం, మొదటి వారం

ఇవాళ పాట బాగుంది.

చెల్లెలు తాయారు వచ్చింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలంటారు. అమ్మ లేదు కాబట్టి పుట్టిల్లంటే ఇక నేనే. నది పైన కొండమెట్టలో ఉంటారు వాళ్లు. అక్కడి బడిలో పిల్లలకి సంగీతం చెబుతుంది. మొగుడు సూరిబాబు దాన్ని ఒక చేత్తో, హార్మోనియం పెట్టెని ఒక చేత్తో పట్టుకుని పడవ దించాడు. పెట్టెకి రెండు బొంతలు చుట్టారు. తాయారుకి ఒక్కటీ లేదు.

"పెట్టె ఎందుకే ఇంత దూరం?" అన్నాను.

"అది లేపోతే నాకు తోచదే అక్కా" అంది.

కాళ్లు కడుక్కుని గ్లాసుడు నీళ్లు నోట్లో పోసుకుని మొహం అదోలా పెట్టింది. "ఏంటే, నీళ్లల్లో ఉప్పేసేవా?"

"మజ్జిగనుకున్నావా ఉప్పెయ్యడానికి?"

పక్కింటి అచ్చియ్యమ్మ పిన్ని పకపకా నవ్వింది. "కొండ నీళ్లు మరిగిన నోరు కదమ్మా, ఇక మా నీళ్లెక్కడ సయిత్తాయి!" అంది. తాయారు కూడా నవ్వేసింది. వారం తిరక్కుండానే ఆ ఉప్పు మాట మర్చిపోయింది. మొహం పెట్టకుండా తాగుతోంది.

సూరిబాబు మర్నాడే వెళ్లిపోయాడు. ఎండలు ముదిరితే లాకులు మూసేస్తారు, మళ్లీ వానలకే తెరుస్తారు. తాయారు ఇక్కడే కనాలి.

ఊళ్లో ఆడవాళ్లందరికీ ఒకటో రెండో పోతాయి. నాకు రెండు పోయాయి. ఇక్కడ అది జలుబు చేసినంత మామూలు. ఉప్పుగాలి పడదంటారు. నాలుగు రోజులు ఎవరో ఒకరు అన్నం వండి పంపుతారు, అయిదో రోజు నుంచి బిందె పట్టుకుని మనమే గట్టు దిగుతాం. నేనూ దిగాను. తాయారు ఏడో నెల దాకా కొండల్లోనే ఉంది కాబట్టి దానికేం భయం లేదని అందరూ అంటున్నారు. నేనూ అదే అంటున్నాను.

ఫాల్గుణం, రెండో వారం

ఇవాళ పాట బాగుంది. నేను మీట నొక్కి ఇంటికి వచ్చేసరికి తాయారు అరుగు మీద పెట్టె ముందేసుకుని చిరాగ్గా కూర్చుంది. చిన్నప్పుడు మేమిద్దరం రోజూ పాటతో గొంతు కలిపేవాళ్లం. ఇవాళ పెట్టెతో కలపబోయిందట.

"ఎక్కడా అతకట్లేదే అక్కా. మైకు సా ఒక చోట, నా సా ఒక చోట."

"నీ పెట్టె పాడైంది."

"నా పెట్టెకేం? మొన్నే కదా పిల్లల చేత పాడించేను!"

"ఇక్కడి గాలికంతే. మా ఊళ్లో హార్మోనియాలు నిలవవు. నీకు తెలీదా?"

దానికి తెలీదు. సంగీతం చదువుకని పైకి వెళ్లిపోయాక మొదలైన సంగతి ఇది. గట్టుపాలెంలో ఏడాదికోసారి శ్రుతి పున్నమి చేస్తాం. చైత్ర పున్నమి నాడు పొద్దున్నే ఊరంతా వీణలూ ఫిడేళ్లూ తంబూరలూ మద్దెలలూ పట్టుకుని మైకుల కిందికి చేరతారు. యంత్రం కొత్త ఏటికి కొత్త సా పలుకుతుంది. అందరూ తమ తమ వాయిద్యాలు దానికి కలుపుకుంటారు. బిరడాలు తిప్పే చప్పుడు, మద్దెల మీద సుత్తి దెబ్బలు, ఆ తర్వాత పులిహోర. ఊరంతా ఒక్క శ్రుతిలో ఉంటుందని మాకు గొప్ప. తీగలకి బిరడాలుంటాయి, తిప్పుకుంటాం. హార్మోనియానికి అవి లేవు కాబట్టి అది ఏడాదికల్లా తప్పు పలుకుతుంది. గాలికి పాడైందని అటక మీద పడేస్తాం. నా వీణ తీగలు కూడా తరచూ తెగుతుంటాయి. అదీ గాలే. అచ్చియ్యమ్మ పిన్ని మొగుడు తాతాజీ బాబాయి ఒకప్పుడు భజనలో గొంతెత్తితే అవతలి గట్టుకి వినపడేది. ఇప్పుడు పాడటం మానేశాడు. "గొంతు పోయిందే అమ్మాయ్, గాలి మంచిది కాదు" అంటాడు.

మా ఊళ్లో ఏది పోయినా గాలి మీదకే పోతుంది.

ఫాల్గుణం, మూడో వారం

పాట బాగుంది. తాయారు బాగాలేదు.

పాదాలు పొంగాయి. వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉంటోంది. తల పగిలిపోతోందంటోంది. నర్సు సుభాషిణి వచ్చి బీపీ చూసింది, చూసి మళ్లీ చూసింది.

"ఉప్పు తగ్గించండి" అంది నాతో.

"అసలు వెయ్యట్లేదు సుభా. వారం నుంచి చప్పిడి కూడే పెడుతున్నాను."

"మరెందుకు పెరుగుతోంది?" అని తనలో తనే అనుకుంది. "నాకు ఇక్కడ ఏ కడుపుతో ఉన్నదాన్ని చూసినా ఇదే కనిపిస్తంది అక్కా. ఇంకా పెరిగితే ఫిట్సొస్తాయి. తల్లీ బిడ్డా ఇద్దరూ..." అని ఆపేసింది. నాకు వివరంగా చెప్పక్కర్లేదని దానికి తెలుసు. నా రెండోదాన్ని చేతుల్లోకి తీసుకుంది తనే.

పై ఊరి ఆసుపత్రికి తీసుకెళ్లిపోదామా అన్నాను. లాకులు మూసేశారు, మద్దెల పొద్దున్నుంచీ ఉరుకుతోంది, ఈ బీపీతో ఎండన పడి కదిలిస్తే దార్లోనే పోతుంది అంది సుభాషిణి.

తాయారు చప్పిడి పులుసు కలుపుకుంటూ, "అక్కా, ఇందులో కాస్త ఉప్పు రాయి వెయ్యవే, గడ్డి తిన్నట్టుంది" అని బతిమాలింది. వెయ్యలేదు. అన్నం మానేసి నీళ్లు తాగి పడుకుంది.

నేను దాని పక్కన కూర్చుని ఏమనిపిస్తోందో వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు.

ఫాల్గుణం, చివరి వారం

తాయారుకి మంచం మీద తోచక పెట్టె గొడవ పట్టుకుంది. నా పెట్టె పాడవలేదు, కావాలంటే ఇంకో పెట్టె తెచ్చి చూడు అని ఒకటే పోరు. దాని సంతోషం కోసం భజన మందిరం అటక మీద నుంచి పాత హార్మోనియం దింపించాను. మేం తొట్టతొలి శ్రుతి పున్నమి తర్వాత పడేసింది అది. ఎలకలు తిత్తి కొట్టేశాయి. గుడ్డ అతికించి ఒక చేత్తో ఊదుతూ సా నొక్కాను. తాయారు తన పెట్టె మీద సా నొక్కింది.

రెండూ ఒకటే పలికాయి.

పన్నెండేళ్లు అటక మీద పడి ఉన్న పెట్టే, మొన్న కొండల్లోంచి దిగిన పెట్టే. గాలికి పాడైతే రెండూ ఒక్కలా ఎలా పాడవుతాయి? ఇంతలో సాయంత్రం పాటకి వేళయింది, మైకులో తంబూర మొదలైంది. దాని సా మా ఇద్దరి సా కన్నా ఎంతో పైన ఉంది. తాయారు ఒక్కో మెట్టే నొక్కుకుంటూ పైకి వెళ్లింది. గా, మా దాటింది. పా వరకు వచ్చింది. అక్కడ కలిసింది. మన పాత పాటలో పా ఎక్కడుండేదో, ఇవాళ మైకు సా అక్కడుంది.

తాయారు నా మొహం చూస్తోంది. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. శ్రుతి పున్నమి నాడు యంత్రం ఒక ప్రశ్న అడుగుతుంది: పోయినేటి సగటుకి సా కలపమంటారా? నేను సరే అని నొక్కుతాను. ఏటా నొక్కాను. పోయినేడు నీళ్లు సగటున ఎంత ఉప్పగా ఉన్నాయో ఈ ఏటికి అదే సా అవుతుంది. నీళ్లు ఉప్పెక్కిన కొద్దీ సా కూడా ఎక్కింది. సా ఎక్కిన కొద్దీ మేం బిరడాలు బిగించాం. పాట ఎప్పుడూ సా దగ్గరే ఉంది, ఎందుకంటే సాని మేమే పాట దగ్గరికి మోసుకెళ్లాం.

యంత్రంలో ఉన్న పాత పాటలన్నీ తీసి విన్నాం. ఏ ఏటి సా ఏ మెట్టు మీద పడిందో అక్కడ తాయారు పాత పెట్టె మీద పసుపు చుక్క పెట్టింది. కొన్నేళ్లు రెండు మెట్ల మధ్యలో పడ్డాయి, వాటికి దగ్గరి మెట్టు ఇచ్చాం. చుక్కలన్నీ ఒకే వైపుకి నడిచాయి. ఒక్కటీ వెనక్కి రాలేదు.

"అయితే నేను తాగుతున్నది..." అంది తాయారు, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

గ్లాసు దాని పక్కనే ఉంది. తీసి పెరట్లో పారబోశాను. పారబోశాక ఏం ఇవ్వాలో తెలీలేదు. వాన నీళ్ల తొట్టెలు ఎప్పుడో అడుగంటాయి.

చైత్రం, మొదటి రోజులు

కేంద్రం అధికారి భీమశంకరం గారి దగ్గరికి రెండు పెట్టెలూ మోసుకెళ్లాను. పై ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి. ఊళ్లో ఎవర్నీ నువ్వు అని పిలిచి ఎరగరు. నేను వాయించి చూపించాను. ఆశ్చర్యపోతారనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు కనిపెడతారని తెలుసు" అన్నారు.

"మీకు ముందే తెలుసా సార్?"

"సా కదలకుండా ఉంచితే పాట ఎలా ఉండేదో ఆలోచించండి వేణి గారూ. ఏడాది పొడుగునా ఒకటే కేక. కేకని ఎన్నాళ్లు వింటారు? బోర్డుల గతే పట్టేది. పోయినేటి కంటే ఈ ఏడు ఎలా ఉందో చెప్పినా చాలు, కనీసం వింటూ ఉంటారు అనుకున్నారు పైన."

"ఈ నీళ్లు తాగేవి కాదని చెప్పాలి కదండీ."

"చెబితే ఏం తాగుతారు?" అన్నారు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగారు.

లోపలికెళ్లి ఒక క్యాను తెచ్చి బల్ల మీద పెట్టారు. కొండ నీళ్లు. ఆయనకి ఉద్యోగంతో పాటు వచ్చేవి, లాకులు మూశాక గట్టు దారిన మోసుకొస్తారు. "మీ చెల్లెలికి కాన్పయ్యేదాకా ఇవి పంపిస్తాను. సుభాషిణి చెప్పింది నాకు. శ్రుతి పున్నమి నాడు మాత్రం మీరు ఎప్పటిలాగే సరే అని నొక్కండి. ఊరిని కంగారు పెట్టొద్దు."

"ఆయ్, అలాగేనండి" అన్నాను.

క్యాను చంకనెత్తుకుని ఇంటికి నడిచాను. సిగ్గుగా ఉందా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. లేదు. బరువుగా ఉంది, అంతే.

చైత్రం, రెండో వారం

పాట బాగుంది అని రాయాలి. రాశాను.

తాయారు బీపీ కొంచెం దిగింది. తలనొప్పి తగ్గింది. నీళ్లు ఎక్కడివో దానికి చెప్పాను, ఎందుకు ఇచ్చారో కూడా చెప్పాను. గ్లాసు పట్టుకుని చాలాసేపు చూసింది.

"అచ్చియ్యమ్మ పిన్ని చిన్నకోడలికి ఆరో నెలంట కదే" అంది.

"అవును."

"ఆ పిల్లకి ఎవరిత్తారు క్యాను?"

అది తాగేసింది. తాగి ఏడ్చింది. "నా బిడ్డ బతకాలే అక్కా. ఇంకేం అడక్కు నన్ను. నువ్వేం చేసినా నీ ఇష్టం, నన్ను మాత్రం అడక్కు."

అడగలేదు. నేనూ అలాగే ఉండిపోదామనుకున్నాను. ఉండిపోయేదాన్నే. నిన్న క్యాను మూత బిగిస్తుంటే, నా రెండోది పోయినప్పుడు భీమశంకరం గారి భార్య పలకరించడానికి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. మంచి మనిషి. బత్తాయిలు తెచ్చింది, నా తల నిమిరింది. నేను మంచం మీద నుంచే అచ్చియ్యమ్మ పిన్నితో ఆవిడకి మంచినీళ్లు ఇమ్మని చెప్పాను. ఆవిడ గ్లాసు తీసుకుంది కానీ తాగలేదు. అరుగు మీద పెట్టేసి వెళ్లింది. తొందర్లో ఉందనుకున్నాను.

తొందర కాదు. ఆవిడకి తెలుసు. తెలిసి, ఆ గ్లాసు నాకు వదిలేసి వెళ్లింది.

ఎన్నేళ్ల తర్వాతో నాకు కోపం వచ్చింది. క్యాను కింద పెట్టేసి గోడకి ఆనుకుని నిలబడ్డాను. కోపం ఎలా ఉంటుందో మర్చిపోయినట్టున్నాను, జ్వరమేమో అనుకున్నాను ముందు.

శ్రుతి పున్నమి

ఊరంతా వచ్చింది. పిల్లల నుదుట బొట్లు, వీణల మీద పూలు. తాయారు కూడా వచ్చి గట్టు మీద గోనెపట్టా వేసుకుని కూర్చుంది. భీమశంకరం గారు తెల్లపంచెలో ముందు వరసలో ఉన్నారు.

యంత్రం అడిగింది: పోయినేటి సగటుకి సా కలపమంటారా?

వద్దు అని నొక్కాను. అలాంటి మీట ఒకటి ఉందని అందరికీ తెలుసు, ఎవరూ వాడలేదు. ఎక్కడికి కలపాలి అని అడిగింది. భజన మందిరం పాత పెట్టె మీద మొదటి పసుపు చుక్క నొక్కి పట్టుకున్నాను. యంత్రం విని, అక్కడికి దిగింది.

రాగం నిన్నటిదే. ఒక్క స్వరం మారలేదు. దాని కింద తంబూర మాత్రం నిన్నటి చోటు వదిలేసి చాలా కిందకి, మా చిన్నప్పటి చోటుకి వెళ్లిపోయింది. నిన్నటిదాకా సా పక్కన తీరిగ్గా తచ్చాడిన రాగమే ఇవాళ పా మీద నిలబడింది, దా మీదకి పాకింది, నీ దగ్గర వేలాడుతూ దిగి రాలేదు.

బిరడాల మీద చేతులు ఆగిపోయాయి. తాతాజీ బాబాయి ఒక్కడే కళ్లు మూసుకుని ఆ సాకి గొంతు కలిపాడు. ఎన్నేళ్లకో గొంతు అందింది ఆయనకి. మొహం వెలిగిపోయింది. తర్వాత పైన రాగం ఏం చెబుతోందో విన్నాడు. ఆపేశాడు.

"వేణీ, యంత్రం పాడైందేంటే?" అని కింద నుంచి అచ్చియ్యమ్మ పిన్ని కేకేసింది.

"గాలికి పోయుంటాదండి" అన్నారెవరో.

మైకు తీసుకున్నాను. నాకు మాట్లాడటం చేతకాదు, వినడమే ఉద్యోగం. "పాడవలేదు పిన్నీ. ఇన్నాళ్లూ మనం సాని పైకి జరుపుకుంటూ వచ్చాం. ఇది పాత సా. నీళ్లు తాగేవి కావు. కడుపుతో ఉన్నవాళ్లు అసలు తాగొద్దు" అన్నాను. ఆ తర్వాత రెండు పెట్టెలూ వాయించి వినిపించాను. కొంతమంది విన్నారు. కొంతమంది పండగ పూట ఇదేం గోలని వెళ్లిపోయారు. పులిహోర మిగిలిపోయింది.

భీమశంకరం గారు నా దగ్గరికి వచ్చి, "ఇక నాకు కూడా క్యాన్లు ఆపేస్తారు. పడవ వస్తే అందరికీ వస్తుంది. రాకపోతే మీ చెల్లెలికి కూడా లేదు. ఇది ఆలోచించుకునే చేశారా?" అన్నారు.

ఆలోచించే చేశాను. ఇంట్లో క్యాను అడుగున రెండు చెంబుల నీళ్లున్నాయి.

మర్నాడు

పాట పా దాటి నీ దగ్గరే ఉంది. బాగాలేదు.

సగం మంది ఆడవాళ్లు బిందెలతో దిగి తోడుకున్నారు. వాళ్లనేం అనను. దాహం వేస్తుంది కదా. అచ్చియ్యమ్మ పిన్ని తోడిన బిందె గట్టు మీద పెట్టుకుని దాని వైపే చూస్తూ కూర్చుంది. మధ్యాహ్నం లేచి ఒంపేసింది.

మా ఇంట్లో నీళ్లయిపోయాయి. చివరి చెంబు తాయారు తాగలేదు, పిన్ని చిన్నకోడలిని పిలిపించి చెరిసగం చేసింది. నన్ను అడగొద్దన్న మనిషి అది. సాయంత్రానికి బీపీ ఎక్కింది. కళ్ల ముందు మెరుపులు కనిపిస్తున్నాయంది. సుభాషిణి మందు సూది సిద్ధంగా పెట్టుకుని మంచం వదల్లేదు.

నాకు భయం వేసింది. దాన్ని నేనే చంపుకున్నానేమో అనిపించింది. దాని పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మూడో పొద్దు

పాట ఇంకా నీ దగ్గరే. మీట నొక్కి గట్టు మీద నిలబడి పై వైపు చూశాను. ఎండ ఎక్కుతుండగా లాకుల దగ్గర ఇనప గొలుసుల చప్పుడయింది. లాకులు తెరిచారు. పడవ వచ్చింది. తుప్పు పట్టిన పొడుగాటి పడవ, దాని మీద నీలం తొట్టెలు. రూలు అమల్లో ఉందని పైవాళ్లు కూడా మర్చిపోయేంత కాలమైనట్టుంది. పడవ మనిషి దిగి "ఇదేనాండి గట్టుపాలెం?" అని అడిగాడు.

కడుపుతో ఉన్నవాళ్లకి మొదటి బిందెలు ఇప్పించింది సుభాషిణి. తాయారు పడుకునే తాగింది. సాయంత్రానికి మెరుపులు తగ్గాయి. "తంతన్నాడే అక్కా, చూడు" అని నా చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది. తన్నాడు. రేపు సుభాషిణిని తోడిచ్చి ఇదే పడవలో దాన్ని పై ఊరు పంపించేస్తున్నాం. పడవ వారం వారం వస్తుందో రాదో ఎవరికీ తెలీదు. ఆ గొడవ ఎలాగూ పడాలి.

నేను గట్టు మీద హార్మోనియం పక్కన కూర్చున్నాను. ఆడవాళ్లు నీళ్ల కోసం బారులు తీరి ఉన్నారు. అచ్చియ్యమ్మ పిన్ని వరస వదిలి నా దగ్గరికి వచ్చింది. పసుపు చుక్కల్ని చూసింది.

"వేణీ, మా పెద్దకోడలికి పోయింది పెద్ద గాలివాన వచ్చిన ఏడమ్మా. ఆ ఏడు సా ఎక్కడుందే?"

వెతికి నొక్కాను. పిన్ని పెట్టె మీద చెయ్యి వేసి విన్నది. వెళ్లి మళ్లీ వరసలో నిలబడింది.

ఆవిడ వెనక మనిషి వచ్చింది. "లాకు తెగిన ఏడు" అంది. నొక్కాను. ఇంకొకామె వచ్చింది. "కొయ్యింగ చేపలు చచ్చి కొట్టుకొచ్చిన ఏడు. నాకు ఆ ఏడే రెండు." నొక్కాను. పేరు తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ, బిందె చంకన పెట్టుకుని ఒక్కొక్కరే వచ్చి తమ ఏడు చెబుతున్నారు. ఒకామె, "ఇదేనా? మా అమ్మాయి ఇదేనా?" అని రెండుసార్లు నొక్కించుకుంది. కొందరు ఏడ్చారు. నేను తిత్తి ఊదుతూనే ఉన్నాను. నీళ్ల వరస ముందుకు కదలడం మానేసి నా వైపు తిరిగింది.

అందరూ అయిపోయాక నా మెట్లు నేను చూసుకున్నాను. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. పక్కపక్క మెట్లు కలిపి నొక్కకూడదని సంగీతం నేర్పే మొదటి రోజే చెబుతారు, చెవికి కటువుగా ఉంటుంది. కలిపే నొక్కాను. తిత్తిలో గాలి అయిపోయేదాకా వదలకుండా పట్టుకుని, గట్టు మీద అందరి ముందూ ఏడ్చాను.